కలిపిన చెయ్యి

నమోదు 1. సోమవారం.

కిందటేడు మామిడికాయల రోజుల్లో, నా భార్య సుభాషిణి చివరి రోజు ఇలా గడిచింది. పొద్దున్నే లేచి మామిడికాయలు తుడిచింది. కొండ మీది నీడతోటల కాయలు, ఇంటికి అరడజనే ఇచ్చారు. ముక్కలు నేను కొట్టాను. పెద్దవి కొట్టానంది. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి జాడీకెత్తి వాసెన కట్టింది. "ఎల్లుండి తిరగకలపాలి. నువ్వు మాత్రం ముట్టుకోకు, తడి గరిటె పెడతావు" అంది. వేడి సైరన్ మోగాక తలుపులు మూసి భోజనానికి కూర్చున్నాం. మజ్జిగ పోసుకోబోతూ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ ఎండలో అంబులెన్సులు నడవవు. సైరన్ ఆగి అవి బయల్దేరేసరికి ఇక అవసరం లేకపోయింది.

ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఏడాది లోపల ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే ఆ సంగతి చిట్టాలో మొదట రాయాలని నియమం. పక్కవాడి దిగులు చూడవలసినవాడు తన దిగులు ఎంతో తెలుసుకుని రావాలట. రాశాను. జాడీ అలాగే ఉంది.

నా పేరు సదాశివమూర్తి. డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పేవాణ్ణి. రేపటి నుంచి గట్టు జైల్లో తోడు ఉద్యోగిని. చిట్టా అట్ట మీద ఒకటే సూచన ఉంది: కడియం రాయనిది రాయండి.

నమోదు 2. మంగళవారం.

పడవ మునిగిన ఊళ్ళ మీదుగా వెళ్తుంది. ఒకచోట నీళ్ళ ట్యాంకు తల, ఒకచోట సినిమా హాలు పైకప్పు. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. కాసేపటికి గట్టు కనిపించింది. ఒకప్పుడు సముద్రం అడుగు నుంచి గ్యాస్ తోడిన ఇనుప మంచె. ఇప్పుడు దాని మీద నలభై మంది మగ ఖైదీలు, కొద్దిమంది సిబ్బంది, ఒక వంటశాల, చుట్టూ నాచు మడులు.

సూపరింటెండెంట్ హైమవతి గారు నన్ను నేరుగా గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. గోడ నిండా చిన్న దీపాలు, ఖైదీకి ఒకటి. ప్రతివాడి ఎడమచేతికీ కడియం ఉంటుంది. నాడి, నిద్ర, గొంతు, తిండి అన్నీ చూసి, ఆ మనిషి తన ప్రాణం తానే తీసుకునే ప్రమాదం ఎంత ఉందో అది లెక్క కడుతుంది. దీపం ఆకుపచ్చగా ఉంటే ఫర్వాలేదు. పసుపైతే ప్రశ్నలు. ఎరుపైతే మెత్తగది.

గోడంతా ఆకుపచ్చగా ఉంది.

"రెండేళ్ళుగా ఇంతే మాస్టారూ" అన్నారావిడ. బల్ల మీద షీల్డు కూడా ఉంది. "రాష్ట్రంలో మొదటి స్థానం మనదే."

"మరి నన్నెందుకు వేశారు?"

"కొత్త ఉత్తర్వు. ప్రతి జైల్లోనూ ఒక మనిషి కూడా ఉండాలట."

'మనిషి కూడా' అనేటప్పుడు ఆవిడకే నవ్వొచ్చింది. నాకూ వచ్చింది.

మెత్తగది చూశాను. స్పాంజి గోడలు, ఆర్పని దీపం, కెమెరా. మాట్లాడేవాళ్ళు ఉండరు.

బ్యారక్‌లో నన్ను మొదట పలకరించినవాడు సింహాచలం. అరవై దాటినవాడు. నీళ్ళలో మునిగిపోయిన ఇళ్ళస్థలాన్ని ముగ్గురికి అమ్మి వచ్చాడు.

"మేస్టారూ, ఏటి సదివినారు?"

"ఎం.ఏ."

"అయ్యో. మరి ఏటి కేసు మీద వొచ్చినారు?"

"కేసు కాదు. ఉద్యోగం."

"అలగా. అయితే మాకంటే మీకే శిచ్చ ఎక్కువ. మాది ఎప్పుడో ఒకప్పుడు అయిపోద్ది."

పక్కన గౌరునాయుడు అనే లావుపాటి మనిషి పడీ పడీ నవ్వాడు. అంతలో గోడలోంచి ఒక ఆడగొంతు, "మీ మనఃస్థితి సంతృప్తికరంగా ఉన్నది. అభినందనలు" అంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అత్తగారు. అన్నీ చూస్తుంది, అన్నీ వింటుంది, ఎందుకు అలిగిందో మాత్రం చెప్పదు.

నమోదు 4. గురువారం.

కొత్త రిమాండ్ ఖైదీ వచ్చాడు. మైలపల్లి పోలిరాజు, నలభై ఏళ్ళుంటాయి, పడవ సరంగు. ప్రయాణికుల పడవ నడుపుతూ నీళ్ళ కింద ఉన్న బడి మేడకి తగిలించాడు. జనమంతా బతికారు. వాళ్ళని పైకి లాగుతూ లాగుతూ అతని తమ్ముడు నూకరాజు మునిగిపోయాడు. నిర్లక్ష్యం కేసు పెట్టారు. విచారణ వచ్చే నెల.

కడియం తొడిగిన గంటలోపే అతని దీపం ఎరుపెక్కింది. నియమం ప్రకారం మెత్తగదిలో పెట్టారు. నేను లోపలికి వెళ్తానంటే హెడ్ వార్డర్, "ఎరుపు ఉన్నంతసేపు లోపలికి ఎవరూ వెళ్ళకూడదండీ" అన్నాడు. అద్దంలోంచి చూశాను. అతను స్పాంజి గోడని వేలితో నొక్కుతున్నాడు. నొక్కిన గుంట నెమ్మదిగా పైకి వస్తోంది. మళ్ళీ నొక్కుతున్నాడు.

నమోదు 8. సోమవారం.

పోలిరాజుని శనివారం బ్యారక్‌కి తెచ్చారు. దీపం పసుపు. ఈ పూట నేను వెళ్ళేసరికి అతని చుట్టూ ఐదారుగురు చేరి ఉన్నారు. నన్ను చూసి సర్దుకోబోయి, మళ్ళీ మానుకున్నారు. నన్ను లెక్కలోంచి తీసేసినట్టున్నారు.

అక్కడ జరుగుతున్నది పాఠం. కడియాన్ని ఆకుపచ్చగా ఉంచుకోవడం ఎలా అని.

"ఊపిరి లోనకి తియ్యి. ఆపు. అలగే వొదులు" అంటున్నాడు సింహాచలం. "బుర్రలో ఏదీ పెట్టుకోకు. మన జైలు ఇడ్డెన్ని తలుసుకో. దానికి రుసీ లేదు, పచీ లేదు, బాదా లేదు. దాన్నే సూస్తా ఉండు." ఇడ్డెనంటే వీళ్ళ మాటలో ఇడ్లీ.

"నాకు ఇడ్డెన్ని తలుసుకుంటే కోపమొచ్చీసి పసుపైపోద్ది" అన్నాడు గౌరునాయుడు. "నాను పదిహేడో ఎక్కం సదువుతాను."

"నీకు పదిహేడో ఎక్కం వొచ్చేటి?"

"రాదు. అదే కదా, దాని మీదే ఉంటాది బుర్ర."

అందరూ నవ్వారు. పోలిరాజు కూడా కొంచెం నవ్వాడు. నాలుగోసారికే అతని కడియం ఆకుపచ్చకి మారింది. "మన కుర్రోడు పాసైపోనాడు!" అని చప్పట్లు కొట్టారు. "మీ మనఃస్థితి సంతృప్తికరంగా ఉన్నది" అంది అత్తగారు.

తర్వాత సింహాచలాన్ని పక్కకి పిలిచి, ఎందుకిలా నేర్పుతున్నారని అడిగాను.

"మెత్తగదిలో ఒక్కపూటున్నారేటి మేస్టారూ మీరు? నానున్నాను. బయటైతే సుట్టూ నలుగురుంటారు. అందులో దిగులూ నువ్వూ. ఇద్దరే. పాపం కొత్తోడు, మళ్ళీ అందులోకి తోసీమంటారా?"

వాళ్ళు దయతోనే చేస్తున్నారు. ఈ మాట ఇక్కడ రాయడం ముఖ్యం. గోడ మీది నలభై దీపాల అర్థం కూడా నాకు ఈ రోజే తెలిసింది. రెండేళ్ళుగా ఎవరికీ బెంగ లేదని కాదు. ఎవరూ బెంగ చూపించడం లేదు.

ఈ సంగతి హైమవతి గారికి చెప్పాను. ఆవిడ షీల్డు వంక చూశారు. "రుజువేమిటి మాస్టారూ?" అన్నారు. నా దగ్గర లేదు.

నమోదు 10. బుధవారం.

పసుపు వస్తే అడగాల్సిన ఆరు ప్రశ్నలూ, దీపం ఆకుపచ్చగా ఉన్నా, పోలిరాజుని అడిగాను. ఎలా ఉన్నావు, నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఇలాంటివి. అన్నిటికీ ఒకటే జవాబు.

"బాగున్నాను బాబూ."

మనవాళ్ళం అంతే. జ్వరంతో మూలుగుతూ కూడా 'బాగున్నాం, మీరు బాగున్నారా' అంటాం. ఆరు ప్రశ్నల్లో అసలు ప్రశ్న లేదు. అది నోటితో అనకూడని మాట అని తయారుచేసినవాళ్ళూ అనుకున్నట్టున్నారు. నేనూ అడగలేదు. పాఠం చెప్పేటప్పుడు, 'అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, బరువు తగ్గుతుంది' అని నల్లబల్ల మీద రాసేవాణ్ణి. ఎదురుగా మనిషి కూర్చుంటే నాలుక తిరగలేదు.

తమ్ముడి భార్య ములాఖత్‌కి వచ్చిందట. అతను బయటికి రాలేదు.

నమోదు 12. శుక్రవారం. గట్టు మీద, మధ్యాహ్నం.

ఇది ఇంట్లో రాయడం లేదు. జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున పడవలో నాతో పాటు రెండు గోనెసంచుల మామిడికాయలు వచ్చాయి. జైలుకి ఏడాదికొకసారి ఇచ్చే వాటా. బ్యారక్‌లో పండగలా ఉంది. కత్తిపీటలు వార్డర్ల చేతుల్లో ఉన్నాయి. ముక్కలు వాళ్ళే కొట్టారు, సలహాలు ఖైదీలు ఇచ్చారు.

"అలగ కొడితే టెంక ఊడిపోద్ది సార్!"

"నోర్ముయ్యి. నేనా నువ్వా వార్డరు?"

"మీరే సార్. అందుకే ఊడిపోతన్నాది."

కలిపేది ఎవరు అనే దగ్గర తగువొచ్చింది. సింహాచలం తన పేరే చెప్పుకున్నాడు. 'నువ్వు ఒకే జాడీని ముగ్గురికి అమ్మీగలవు, పక్కకుండు' అన్నాడు గౌరునాయుడు. అప్పుడు పోలిరాజు లేచాడు. "నాను కలుపుతాను" అన్నాడు. అతను తనంతట తాను నోరు విప్పడం అదే మొదలు.

చక్కగా కలిపాడు. మోచేతుల దాకా ఎర్రగా, ఏ తొందరా లేకుండా. కలుపుతూ కబుర్లు కూడా చెప్పాడు. వాళ్ళ అమ్మ ప్రతి ఏడూ అతని చేతే కలిపించేదట. కలిపిన చెయ్యే మూడో రోజు తిరగకలపాలి, చెయ్యి మారితే ఊరగాయ బూజు పడుతుంది, అనేదట. "మా యమ్మ అంతే బాబూ. ఏట్లో ఉన్నా, ఎక్కడున్నా మూడో రోజుకి ఇంటికి రావాల్సిందే." ఏరంటే ఆ పక్క సముద్రమే. అందరూ ఇష్టంగా విన్నారు. అతని కడియం పచ్చని ఆకులా వెలుగుతోంది.

జాడీలకెత్తి, చేతులు కడుక్కుని, గరిటెని గుడ్డతో తుడిచి సింహాచలం చేతికిచ్చాడు.

"మామా, ఎల్లుండి తిరగకలిపీటప్పుడు అడుగుదాకా పోనీ. ఉప్పు అడుగునే ఉండిపోద్ది. నూనె సాలకపోతే కాసి సల్లార్సి పొయ్యి. మరిసిపోకు."

"అలగేలే" అన్నాడు సింహాచలం. అత్తగారు గోడలోంచి, "ఇతరులకు నేర్పుట ఆరోగ్యకరమైన లక్షణము. అభినందనలు" అంది.

నా పూట అయిపోయింది. సైరన్‌కి ముందు ఆఖరి పడవ. మెట్లు దిగి ఒక కాలు పడవలో పెట్టాను. 'ఎల్లుండి తిరగకలపాలి' అన్న మాట ఇంకా చెవిలో ఉంది. అయితే అది పోలిరాజు గొంతులో కాదు, సుభాషిణి గొంతులో. ఎల్లుండి తానే కలపాలనుకుని ఆమె జాడీ నాకు అప్పగించలేదు. పోలిరాజు అప్పగించేశాడు. విచారణ వచ్చే నెల. ఎల్లుండి అతనికి వెళ్ళే చోటేదీ లేదు. చెయ్యి మారితే పాడవుతుందని నమ్మినవాడు గరిటె ఎందుకు ఇచ్చాడు?

"ఎక్కుతారా, ఎక్కరా?" అంది పడవ నడిపే ఆవిడ. "సైరన్ కొట్టీస్తాది."

కాలు వెనక్కి తీశాను. పడవ వెళ్ళిపోయింది.

పోలిరాజు నాచు మడుల పక్క నీడలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ఈసారి ఆరు ప్రశ్నలూ అడగలేదు.

"పోలిరాజూ, చచ్చిపోవాలనుకుంటున్నావా?"

అతను నా వంక చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"ఎల్లుండి లోపలేనా?"

తల ఊపాడు. కడియం ఆకుపచ్చగానే ఉంది. ఒక్క నిమిషం అలాగే ఉంది. తర్వాత అతను బిగపట్టిన ఊపిరి వదిలేశాడు. అప్పుడు పసుపు, వెంటనే ఎరుపు.

"ఈ మాట ఇన్నాళ్ళకి ఒక్కలడిగినారు బాబూ" అన్నాడు. చాలాసేపు ఏడ్చాడు. నేను కదల్లేదు. తమ్ముడు ఆఖరిసారి నీళ్ళలోకి దూకే ముందు 'అన్నా, ఇంకో పిల్లుంది' అన్నాడట. ఆ పిల్ల బతికింది.

ఈలోగా వార్డర్లు పరిగెత్తుకొచ్చారు. వెనకే హైమవతి గారు.

"మెత్తగది" అన్నాడు హెడ్ వార్డర్.

"వద్దు" అన్నాను. ఆవిడని పక్కకి తీసుకెళ్ళి గరిటె సంగతి చెప్పాను. "మీరు రుజువు అడిగారు. ఇదే. మనం గోడ వంక చూస్తూ ఉండగానే ఇతను పోయేవాడు, ఆకుపచ్చ దీపంతో. ఇప్పుడు నిజం చెప్పాడు. నిజం చెప్పినందుకు ఒంటరిగా పడేస్తే ఇంకెప్పుడూ చెప్పడు. చూస్తున్నవాళ్ళూ చెప్పరు."

ఆవిడ బ్యారక్ వైపు చూశారు. కిటికీల నిండా ముఖాలు.

"ఏదైనా జరిగితే?"

"ఒక్కక్షణం కూడా ఒంటరిగా వదలొద్దు. కెమెరా కాదు, మనుషులు. డాక్టరు రోజూ తెర మీద మాట్లాడాలి. అతనికి అందేచోట ప్రమాదమైన వస్తువేదీ ఉండకూడదు. నేనూ ఇంటికి వెళ్ళను."

"ఎన్నాళ్ళు?"

అంతలో కిటికీలోంచి సింహాచలం అరిచాడు. "ఆదోరం దాకా ఉండనీండమ్మా! ఈ గరిటి నా వొల్ల కాదు, నాకు సేతులొణుకుతాయి!"

హైమవతి గారు నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నారు. "సరే. ఊరగాయ తిరగకలిపేదాకా. తర్వాత చూద్దాం" అన్నారు.

నమోదు 13. శనివారం.

పోలిరాజు పక్కన కూర్చునే వంతుల కోసం బ్యారక్‌లో కొట్లాట. ఇద్దరేసి కూర్చోవాలని చెప్పాను. ఎలా వినాలో నేర్పాను: ఊరికే ధైర్యం చెప్పొద్దు, 'అలా అనకు' అనొద్దు, అతను చెప్పేది పూర్తిగా వినండి, తేడాగా ఏదైనా వింటే ఎవరికీ భయపడకుండా నాకు చెప్పండి. బుద్ధిగా తలలూపారు. పది నిమిషాల్లో అన్నీ మరిచిపోయి సొంత కథలు మొదలెట్టారు.

పొద్దున సింహాచలం తన స్థలం గొప్పలు చెప్పాడు. "నీళ్ళ కిందుంటే ఏటి? తూర్పు ముకం. రెండు పక్కలా రోడ్డు."

"రోడ్డు కూడా నీళ్ళ కిందేనేటి మామా?" అన్నాడు పోలిరాజు.

"మరి? స్థలానికి ఆనుకునే ఉంటాది కదా!"

తర్వాత వంతు గౌరునాయుడిది. అష్టాచెమ్మా ఆడించాడు. దొంగాట ఆడి దొరికిపోయాడు. తర్వాత కూర్చున్నచోటే గుర్రు పెట్టాడు. పోలిరాజే అతన్ని తట్టి లేపాడట. "నన్ను కాయడానికి వొచ్చి నీకు కాపలా పెట్టించీసినావు కదరా" అని.

డాక్టరు తెర మీద అరగంట మాట్లాడి మందు రాశారు. పోలిరాజు నాతో, "ఈళ్ళ సోది కంటే మెత్తగదే నయం బాబూ" అన్నాడు. కడియం ఇంకా ఎర్రగానే ఉంది. అది తొందరగా మారాలని నేనూ అనుకోవడం లేదు. భోజనంలో ఆఖర్న మజ్జిగ అడిగి పోయించుకున్నాడు. అది రాసుకున్నాను.

నమోదు 14. ఆదివారం.

మూడో రోజు.

జాడీల చుట్టూ నలభై మంది. వాసెనలు విప్పారు. ఆవఘాటుకి ముందు వరసలో ఉన్నవాళ్ళందరికీ కళ్ళ నీళ్ళు. గరిటె సింహాచలం చేతిలో ఉంది. రెండు చేతులతో పట్టుకుని పోలిరాజు ముందు నిలబడ్డాడు. చేతులు నిజంగానే వణుకుతున్నాయి.

పోలిరాజు తీసుకోలేదు. సింహాచలం గరిటెని ఇంకొంచెం ముందుకి చాచాడు. అప్పుడు తీసుకున్నాడు.

అడుగుదాకా దించి తిప్పాడు. రెండు వేళ్ళతో ఊట తీసి నాలుక మీద రాసుకుని, "ఉప్పు సాల్లేదు" అన్నాడు. వంటశాల నుంచి ఉప్పు పరుగున వచ్చింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ రుచి చూశాడు. తిప్పుతూనే అన్నాడు:

"సెయ్యి మారితే బూజు పడతాదని మా యమ్మ సెప్పీది కదా బాబూ. ఒకసారి నాకు జొరమొచ్చి మా నూకరాజు తిరగకలిపీసినాడు. ఆ ఏడు ఊరగాయ బెమ్మాండంగా ఉంది. 'ఏటమ్మా, బూజేదీ' అని అడిగినాను. నవ్వీసింది. 'మీరు సేపల ఏటకి పోయి రోజుల తరబడి రారు కదరా. సేతి మీద ఏదో ఒక పని ఎట్టి పంపిస్తే తిరిగొస్తారని' అంది."

గరిటె ఆగింది.

"ఆ సంగతి మొన్న గరిటి ఇచ్చీసినప్పుడు గురుతు రాలేదు. నిన్న ఆడు గుర్రు పెడతంటే గురుతొచ్చింది."

"నా గుర్రు అలగే ఉంటాది మరి" అన్నాడు గౌరునాయుడు గర్వంగా. "మడిసికి ఏటేటో గురుతొస్తాయి."

అన్నం వడ్డించారు. కొత్తావకాయ, వేడన్నం, నూనె.

పోలిరాజు నన్నడిగాడు, మీ ఇంట్లో ఎవరు కలుపుతారని. చెప్పాను. జాడీ సంగతి చెప్పాను. ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదని కూడా.

అందరూ తినడం ఆపారు. సింహాచలం చెయ్యి కడుక్కుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"మేస్టారూ. మీరు పోలిగాణ్ణి అడిగినారు. ఆ మాట మిమ్మల్ని ఎవులైనా అడిగినారా?"

"లేదు."

"అయితే నానడుగుతన్నాను. సచ్చిపోవాలనుందా మీకు?"

నలభై మంది చూస్తున్నారు. 'బాగున్నాను' అనబోయాను. మింగేశాను.

"లేదు" అన్నాను. "నా ఒక్కడి కోసం వంట చేసుకోబుద్ధి కాదు. చాలా రోజులు అటుకులు తిని పడుకుంటాను. అంతే."

సింహాచలం డాక్టరులా ఆలోచించాడు.

"అది పసుపు" అన్నాడు. "ఎరుపు కాదు. ఒరే, మేస్టారికి ఇంకో ముద్ద ఎయ్యండ్రా."

వేశారు. తిన్నాను. కారానికి కళ్ళ నీళ్ళు వచ్చాయి. కొన్ని కారానికి.

నమోదు 16. మంగళవారం.

నిన్న హైమవతి గారు బ్యారక్‌లో నిలబడి చెప్పారు. ఇక మీద ఎరుపొచ్చినవాడికి మెత్తగది లేదు. పక్కన మనుషులుంటారు, డాక్టరు ఉంటారు. దానికి కావలసిన అనుమతి ఆవిడే తెచ్చుకుంటారట. "కాబట్టి ఊపిరి బిగపట్టే పాఠాలు చాలించండి. నాకు అన్నీ తెలుసు" అన్నారు. 'ఎలా తెలుసు?' అని నా వంక చూశారందరూ. నేను సముద్రం వైపు చూశాను.

ఈ పొద్దున గోడ ముందు ఆగిపోయాను. సగానికి పైగా దీపాలు పసుపు. నాలుగు ఎరుపు, పోలిరాజుతో కలిపి. షీల్డు తెచ్చిన గోడేనా ఇది అనిపించింది. అందరూ ఒకేసారి ఇడ్డెన్ని తలుచుకోవడం మానేశారు.

ఫోను మోగింది. ఒడ్డున ఉన్న ప్రధాన కార్యాలయం. అవతలి గొంతు నాక్కూడా వినబడింది.

"ఏమైందమ్మా మీ జైలుకి? తిరుగుబాటా? విషాహారమా?"

"ఏమీ కాలేదు సార్" అన్నారు హైమవతి గారు. "గోడ ఇప్పుడే సరిగ్గా పనిచేయడం మొదలెట్టింది."

"మరి షీల్డు?"

"పడవలో పంపించేస్తాను సార్. జాడీల మీద మూతకి పెడదామనుకున్నాను గానీ సరిపోలేదు."

ఫోను పెట్టేశాక ఆవిడ తన ఎడమచేతి మణికట్టు చూసుకున్నారు. "ఇప్పుడు నాకు కడియం పెడితే ఏ రంగొస్తుందంటారు మాస్టారూ?" అన్నారు. ఏ రంగొచ్చినా ఇప్పుడు చెప్పుకోవచ్చన్నాను.

మిగతా ముగ్గురు ఎర్రవాళ్ళతో ఈ రోజంతా కూర్చున్నాను. ముగ్గురినీ అడిగాను. నాలుక తిరిగింది. ఒకతను రెండేళ్ళుగా ఎక్కాలు చదువుతున్నాడట, ఇరవై మూడో ఎక్కం దాకా వచ్చాడు. అతని పక్కన ఇద్దరిని పెట్టాను. పోలిరాజు తనంతట తానే ఒక వంతు అడిగి తీసుకున్నాడు. సాయంత్రానికి అతని దీపం ఎరుపుకీ పసుపుకీ మధ్య ఊగుతోంది. ఆ ఊగడం నిజమైనది. వచ్చే ఆదివారం తమ్ముడి భార్య వస్తే బయటికి వస్తానన్నాడు. 'ఆవిణ్ణి ఏమని పలకరించాలో తెలీదు బాబూ' అన్నాడు. ముందు తిన్నావా అని అడగమన్నాను.

పడవెక్కుతుంటే మెట్ల మీద నుంచి సింహాచలం కేకేశాడు. "మేస్టారూ! ఏడాది కదిలించని జాడీ అంటే ముక్క మెత్తబడుంటాది గానీ, పైన నూనె తేలుంటే ఏటీ అవ్వదు! మాకో ముక్క తేవాల! ఎవుల్ది బావుందో సూస్తాం!"

"అడుగుదాకా పోనీండి బాబూ!" అన్నాడు వెనక నుంచి పోలిరాజు. "తడి గరిటి ఎట్టీకండి!"

ఆ మాట వాళ్ళకి నేను చెప్పలేదు. తడి గరిటె సంగతి మామిడికాయ చూసిన ప్రతివాళ్ళకీ తెలుసు.

ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. ఒకరికి సరిపడా ఎంత పొయ్యాలో ఇంకా చేతికి రాలేదు, ఎక్కువైంది. మిగిలింది మూత పెట్టాను. గరిటె కడిగి, తుడిచి, కిటికీ దగ్గర ఆరబెట్టాను.

రేపు ఉదయం మొదటి పడవకి ముందు వాసెన విప్పి, జాడీ అడుగుదాకా నేనే కలుపుతాను. ఉప్పు చూసి, చిన్న గిన్నెలో కొంచెం తీసి, గట్టుకి పట్టుకెళ్తాను.